ముందు గెడ్డ లెక్క తేల్చండి

నదులు సముద్రంలోకి మోసుకెళ్లే ప్లాస్టిక్‌లో 90 శాతం పది నదులదేనన్న మాట సభల్లోనూ, స్కూలు పిల్లల వ్యాసాల్లోనూ ఇప్పటికీ వినబడుతోంది. 2017లో జర్మన్ శాస్త్రవేత్తలు వేసిన అంచనా అది. ఆ పదిలో ఎనిమిది ఆసియావి. అన్నిటికన్నా ముందు చైనాలోని యాంగ్‌ట్సీ. మన సింధూ, గంగా కూడా ఆ పదిలో ఉన్నాయి. నాలుగేళ్లు తిరక్కుండానే ఆ లెక్క తలకిందులైంది. 80 శాతం చెత్త వెయ్యికి పైగా నదుల నుంచి వస్తోందని 2021లో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. కొత్త జాబితాలో మొదటి పేరు ఫిలిప్పీన్స్‌లోని పాసిగ్. మనీలా మధ్యగా పారే ఆ నది పొడవు పాతిక కిలోమీటర్లు. యాంగ్‌ట్సీది ఆరువేల పైచిలుకు.

ఈ తేడా ఎక్కడిది? పాత లెక్క నదీ పరీవాహకమంతటా పోగయ్యే చెత్తను చూసి, దాన్నిబట్టి సముద్రం వాటా కట్టింది. కొత్తది చోటుచోటుకీ సంభావ్యత కట్టింది. ఇక్కడ పారేసిన కవరు ఏడాదిలోగా సముద్రంలో తేలే అవకాశమెంత? వానెంత, గాలెంత, నేల వాలెంత, అది అడవా పొలమా సిమెంటు రోడ్డా, కాలువ ఎంత దూరం, అక్కడి నుంచి సముద్రం ఎంత దూరం, ఇవన్నీ అందులోకి వస్తాయి.

మన దగ్గర పెట్టి చూడండి. హైదరాబాద్ నాలాలో పడ్డ పాల ప్యాకెట్ మూసీలోకి దిగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, పులిచింతల ఆనకట్ట, ప్రకాశం బ్యారేజీ దాటితే గానీ సముద్రం మొహం చూడదు. దారిలో ఏ తుమ్మకంపకో తగులుకుంటుంది, లేదా ఇసుకలో కూరుకుపోతుంది. విశాఖలో గెడ్డలో, అంటే ఊళ్లోంచి సముద్రంలోకి పారే వాగులో, పడ్డ ప్యాకెట్‌కు ఈ తిప్పలేమీ లేవు. కొండవాలు, సిమెంటు గట్లు, ఒక్క గట్టి వాన. సాయంత్రానికి బంగాళాఖాతం.

అందుకే ఆంధ్ర తీరంలో ప్లాస్టిక్ గురించి మాట్లాడేటప్పుడు ఊరికే గోదావరి, కృష్ణల పేర్లెత్తడం నాకు నచ్చదు. ముందు తీరపట్నాల గెడ్డల సంగతి చూడాలి.

ఆ 2021 పరిశోధన ‘ది ఓషన్ క్లీనప్’ అనే డచ్ సంస్థ వాళ్లది. నదుల్లో చెత్త పట్టే యంత్రాలు దించేదీ ఆ సంస్థే కాబట్టి కాస్త అనుమానంగానే చదివాను. నమ్మకం కుదిరింది వాళ్లిచ్చిన మొత్తం అంచనా దగ్గర. ఏటా 8 లక్షల నుంచి 27 లక్షల టన్నులట! ఒకే అంకె బల్లగుద్ది చెప్పేవాళ్లకన్నా, మూడింతల తేడాను దాచకుండా బయటపెట్టినవాళ్లే నయం.

ఇంతకీ డేటా అంటే ఉపగ్రహాలే అనుకోకండి. చాలాచోట్ల అది వంతెన మీద నిలబడ్డ మనిషి. కింద నీటిలో కొంత మేర గుర్తు పెట్టుకుని, గడియారం చూసుకుంటూ, కొన్ని నిమిషాలపాటు ఆ మేర దాటిన ముక్కల్ని లెక్కపెట్టి చీటీ మీద రాస్తాడు. సీసా, కవరు, చెప్పు, థర్మోకోల్. తర్వాత వంతెన మీదే కొంచెం పక్కకు జరిగి మళ్లీ మొదలు. కంప్యూటర్ కట్టిన లెక్క నిజమో కాదో సరిచూసేది ఇలాంటి చీటీలతోనే.

గెడ్డలు ముందన్నానని, నడిసముద్రంలో గణితం పనికిరాదని అనను. 2020లో క్వాయ్ అనే తెరచాప ఓడ 48 రోజుల యాత్రలో పసిఫిక్ నుంచి 103 టన్నుల వలలు, ప్లాస్టిక్ ఎత్తుకొచ్చింది. కొట్టుకుపోతున్న వలలకు అంతకుముందే జీపీఎస్ పరికరాలు కట్టారు. ప్రవాహాలు ఒకలాంటి చెత్తను ఒకచోటికి చేరుస్తాయి గనక ఒక వల జాడ తెలిస్తే మరికొన్ని దొరుకుతాయన్నది దాని వెనకున్న లెక్క. గొప్ప పనే. కాకపోతే హవాయి, కాలిఫోర్నియాల మధ్య తేలుతున్న కుప్ప 79 వేల టన్నులని 2018 అంచనా. అలాంటి యాత్రలు రమారమి ఎనిమిది వందలు చేయాలి, అదీ ఈలోగా కొత్తది వచ్చి పడకపోతే.

మన తీర నగరపాలక సంస్థలకు ఓడలక్కర్లేదు. పూడికతీత బిల్లులో క్యూబిక్ మీటర్లు రాస్తారు కదా, అందులో బురదెంతో ప్లాస్టిక్ ఎంతో విడదీసి తూకం వేయించండి. తొలకరి వాన పడ్డ రోజున గెడ్డల మీది కల్వర్టుల దగ్గర ఇద్దరేసి కాలేజీ విద్యార్థుల్ని గొడుగులిచ్చి నిలబెట్టి లెక్క రాయించండి. అక్టోబరు వాయుగుండాలు వెలిశాక ఇంకోసారి. ఏ గెడ్డకు ముందు చెత్త పట్టే వల కట్టాలో ఆ కాగితాలు చెబుతాయి. అవి లేకపోతే ఆ వల పలుకుబడి ఉన్న కార్పొరేటర్ వార్డులో పడుతుంది.