నొప్పి తగ్గింది కదా, రూట్ కెనాల్ ఎందుకు?

గగన్‌పహాడ్ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. అక్కడే ఒక ఫ్యాక్టరీలో పని చేస్తున్నారట. కింది దవడ పన్ను పుచ్చి నెల రోజులు సలిపింది. రాత్రిళ్ళు కూర్చునే తెల్లవార్చారు. దంతవైద్యుడు ఎక్స్‌రే తీసి రూట్ కెనాల్ చెయ్యాలన్నాడు. ఈలోగా నొప్పి దానంతటదే మాయమైంది. "ఇరవై రోజుల్లో శంషాబాద్‌లో దుబాయి విమానం ఎక్కాలి. ఇప్పుడు నొప్పి లేదు కనుక మళ్ళీ సెలవులో వచ్చినప్పుడు చేయించుకుంటే సరిపోదా? లేక పీకించుకుని పోనా? మా ఇంట్లో పెద్దవాళ్ళు పీకించెయ్యమనే అంటున్నారు" అని అడుగుతున్నారు.

సరిపోదు. నొప్పి ఎందుకు పోయిందో తెలిస్తే మీరే ఒప్పుకుంటారు.

పన్ను పైకి రాయిలా కనిపిస్తుంది గాని లోపల ప్రాణం ఉన్న అవయవం. పైన ఎనామిల్ అనే గట్టి పొర, దాని కింద డెంటిన్, నడిమధ్య మెత్తని గుజ్జు. ఈ గుజ్జులోనే సన్నని రక్తనాళాలు, నరాలు ఉంటాయి. అవి వేరు కొసన ఉన్న చిన్న రంధ్రం గుండా లోపలికి వస్తాయి. పుచ్చు లోతుకు దిగి క్రిములు గుజ్జును చేరాయంటే అది వాస్తుంది. వేలు వాస్తే చర్మం సాగుతుంది. పన్నులో చుట్టూ గట్టి గోడలే, సాగడానికి చోటేది? అందుకే అంత నరకం. వేడి కాఫీ తాగితే ప్రాణం లేచిపోవడం, పడుకోగానే నొప్పి పెరగడం అప్పటి లక్షణాలే.

కొన్నాళ్ళకు ఆ గుజ్జు చచ్చిపోతుంది. నరమే చచ్చాక ఇక నొప్పి ఎవరు చెబుతారు? మన పాఠకుడి పన్నులో జరిగింది దాదాపు ఖాయంగా ఇదే. ఇల్లు కాలి బూడిదయ్యాక మంట ఆరిపోయినట్టు! క్రిములు మాత్రం ఎక్కడికీ పోవు. ఖాళీ అయిన గొట్టంలో కాపురం పెట్టి, వేరు కొసనుంచి దవడ ఎముకలోకి దిగి చీముగడ్డ కడతాయి. అది నెలల తరబడి నోరు మెదపకుండా ఉండి ఒక రాత్రి బుగ్గ బూరెలా పొంగవచ్చు.

కింది దవడ వెనక పళ్ళ చీము మరీ ప్రమాదం. అది నాలుక కిందికి, మెడలోకి పాకితే ఊపిరికే అడ్డు పడుతుంది. ఈ జబ్బును 1836లో లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. గడ్డం కింద గట్టిగా వాచినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా, నాలుక పైకి లేచినట్టున్నా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

ఇక విమానం సంగతి. శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉంది. ఎగిరాక విమానం లోపలి గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండమీద ఉన్నంతకు తగ్గుతుంది. వాచిన గుజ్జు ఉన్న పన్ను, లోపల గాలి చిక్కుకున్న పన్ను అప్పుడు తిరగబడతాయి. రెండవ ప్రపంచ యుద్ధంలో విమాన సైనికులను ఈ నొప్పి బాగా వేధించింది. అందరికీ వస్తుందని కాదు. వస్తే మాత్రం దుబాయి చేరేదాకా సుమారు నాలుగు గంటలు సీటు పట్టుకుని కూర్చోవడమే.

రూట్ కెనాల్ పేరు వింటేనే వణికేవాళ్ళున్నారు. నిజానికి చిగురు దగ్గర సూదిమందు ఇచ్చి మొద్దుబార్చాకే మొదలుపెడతారు. పన్ను చుట్టూ పలచని రబ్బరు తొడుగు బిగిస్తే ఉమ్మి లోపలికి పోదు, చేతిలోని చిన్న పనిముట్లు గొంతులోకి జారవు. పన్ను పైన చిన్న రంధ్రం చేసి, చచ్చిన గుజ్జును వెంట్రుకంత సన్నని ఆకురాళ్ళతో గీకి తీస్తారు. కింది దవడ పన్నుకు సాధారణంగా రెండు వేళ్ళు, మూడు గొట్టాలు ఉంటాయి. ఒక్కటి వదిలేసినా చికిత్స చెడుతుంది, అందుకే ఎక్స్‌రేలు. గొట్టాలను మందునీళ్ళతో కడిగి గట్టాపెర్చా అనే జిగురు పదార్థంతో మూస్తారు. ఇది మలయా వైపు పెరిగే ఒక చెట్టు పాలు. పంతొమ్మిదో శతాబ్దంలో సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫు తీగలకు తొడిగింది కూడా దీన్నే! ఒకటి నుంచి మూడుసార్లు తిరగాల్సి రావచ్చు. తరవాత నాలుగైదు రోజులు కొరికితే నొప్పి సహజం. వాపు, జ్వరం వస్తే సహజం కాదు.

కనుక ఇరవై రోజులు చాలు, కాని రేపే మొదలుపెట్టాలి. ప్రయాణానికి కనీసం రెండు మూడు రోజుల ముందే పని ముగిసేలా చూడమని డాక్టరుకు తేదీ చెప్పండి. తాత్కాలికంగా పెట్టిన సిమెంటుతో విమానం ఎక్కి నెలల తరబడి కాలం గడపవద్దు. దవడ పన్నుకు తొడుగు వేయించుకోవాలి. గుజ్జు తీసి, రంధ్రం చేసిన పన్ను తొడుగు లేకుండా జొన్నరొట్టె కొరికితే నిలువునా చీలవచ్చు, అప్పుడు పీకడమే గతి. షుగరు, గుండె కవాటం జబ్బు, రక్తం పలచబడే మాత్రలు, పెనిసిలిన్ పడకపోవడం, ఆడవాళ్ళయితే గర్భం - ఇవి అడగకపోయినా ముందే చెప్పాలి.

ఖర్చుకు జంకేవారు ఆరాంఘర్ మీదుగా అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు వెళ్ళవచ్చు, ఉస్మానియా ఆసుపత్రి పక్కనే. విద్యార్థులు చేసినా పైన ప్రొఫెసర్లు ఉంటారు. వరసలో నిలబడే ఓపిక మాత్రం తీసుకువెళ్ళండి.

మందుల షాపులో యాంటీబయాటిక్ కొని మింగితే చాలదా అంటారేమో. చచ్చిన గుజ్జుకు రక్తం రాదు, రక్తం రాని చోటికి మాత్ర ఎలా చేరుతుంది? ఆస్పిరిన్ మాత్ర నూరి చిగురుకు పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది చిగురును కాల్చి తెల్లగా పుండు చేస్తుంది. లవంగ నూనె చుక్క దూదితో పుచ్చులో పెడితే కాసేపు ఉపశమనమే, ఎక్కువైతే అదీ కాలుస్తుంది.

పీకడం తప్పని చికిత్స అనను. వేరు చీలినా, ఎముక బాగా తినేసినా పీకాల్సిందే. నిలబెట్టగలిగే పన్నును పీకితే మాత్రం పక్క పన్ను ఆ సందులోకి వాలుతుంది, పైది కిందికి జారుతుంది. కట్టుడు పన్ను పెట్టించాలంటే మళ్ళీ ఖర్చు. ఇక పై పన్ను పీకితే కంటిచూపు పోతుందని భయపడి చీము కారుతున్నా రాని వాళ్ళకు ఒక మాట: పన్నుకు వెళ్ళే నరం వేరు, చూపు తెచ్చే నరం వేరు. రెండూ మెదడు నుంచి విడివిడిగానే బయలుదేరతాయి.