చలువ యంత్రానికి జబ్బు చేస్తే

బాలలూ! రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ రోజుల్లో మా శింగనమల చెరువు కట్ట మీద మధ్యాహ్నం వేళ కాకి కూడా కనబడదు. మన దేశంలో వానలు చాలా తక్కువగా కురిసే జిల్లాలలో అనంతపురం ఒకటి. ఏడాదికి పడే వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలు.

పూర్వం ఈ వేడికి మందు మట్టి మిద్దె, కుండలో నీళ్లు, వేపచెట్టు నీడ. ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగాలు చేసే కొడుకులూ కూతుళ్లూ ఊళ్లో ఉన్న ముసలివాళ్ల కోసం ఏ.సి.లు కొని పెడుతున్నారు. వేరుసెనగ పంట చేతికి రాని ఏడు కూడా ఎలాగో వాయిదాలు కడుతున్నారు. అంత డబ్బు పోసి కొన్న యంత్రం చల్లగాలి ఇవ్వకపోతే ఇంటిల్లిపాదికీ దిగులే గదా! పైగా ముసలివాళ్లకు వడదెబ్బ ప్రాణాంతకం కావచ్చు. అందుచేత ఇది తేలికగా తీసుకోవలసిన విషయం కాదు.

ఈ నెల ప్రశ్న ఇది: “అయ్యవారూ, మా ఇంట్లో ఏ.సి. తిరుగుతూనే ఉంది, గది మాత్రం చల్లబడదు. మెకానిక్కు వచ్చి గ్యాసు అయిపోయింది అన్నాడు. పోయిన ఏడూ అదే మాట అన్నాడు. గ్యాసు ఏటేటా అయిపోతుందా?”

చాలా మంచి ప్రశ్న. జవాబు తెలియాలంటే ముందు ఈ యంత్రం ఏం చేస్తుందో తెలియాలి. అది చల్లదనాన్ని తయారు చేస్తుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. అది గదిలోని వేడిని మోసుకుపోయి బయట పారబోస్తుంది. అంతే!

ఎలా మోస్తుంది? సూది మందు వేసేముందు డాక్టరుగారు మీ చేతిమీద స్పిరిటు రాస్తారు. అప్పుడు చల్లగా ఉంటుంది, అవునా? స్పిరిటు ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని మీ చర్మం నుంచి లాక్కుంటుంది. కుండలో నీళ్లు చల్లబడేదీ ఇందువల్లనే. కుండ నుంచి ఊరిన తడి ఆవిరైపోతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. ఏ.సి.లో నీటికి బదులు, చాలా చల్లని చోట కూడా మరిగి ఆవిరయ్యే ఒక ద్రవం ఉంటుంది. దాన్నే అందరూ గ్యాసు అంటారు.

మీ తాతగారిని అడగండి, మన సీమలో ఒకప్పుడు బావులకు కపిలలు ఉండేవని చెబుతారు. ఎద్దులు వాలుబాట మీద ముందుకు నడిస్తే తోలుబాన నీళ్లతో పైకి వచ్చేది. నీళ్లు కాలువలో పడేవి. ఎద్దులు వెనక్కి నడిస్తే ఆ బానే మళ్లీ బావిలోకి దిగేది. ఏ.సి. కూడా ఒక కపిలే! గదిలోని వేడి బావినీరు. గ్యాసు తోలుబాన. కంప్రెసరు ఎద్దుల జత. ఇంటి బయట ఉండే పెట్టె కాలువ.

గ్యాసు లోపలి గొట్టాలలో మరిగి ఆవిరవుతూ గది వేడిని తీసుకుంటుంది. కంప్రెసరు ఆ ఆవిరిని గట్టిగా అదుముతుంది. అదిమితే అది బాగా వేడెక్కుతుంది. ఎందుకిలా వేడెక్కించాలి? వేడి ఎప్పుడూ ఎక్కువ వేడి ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకే పోతుంది. బయట ఎండ 42 డిగ్రీలుంటే, గ్యాసు అంతకన్న వేడిగా ఉంటేనే తన వేడిని బయటికి ఇవ్వగలదు. అలా ఇచ్చి తిరిగి ద్రవమవుతుంది. తరువాత సన్నని గొట్టంలో దూరి, ఒత్తిడి తగ్గి, చల్లబడి, మళ్లీ గదిలోకి వస్తుంది.

ఇప్పుడు చెప్పండి, కపిల తోలితే తోలుబాన ఖర్చవుతుందా? కాదు. చిల్లు పడితేనే నీరు కారిపోతుంది. గ్యాసూ అంతే. అది బండిలో పోసే పెట్రోలు వంటిది కాదు, ఖర్చు కాదు. తగ్గిందంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. చిల్లు మూయకుండా గ్యాసు నింపడం ఓటికుండలో నీళ్లు పోయడమే. కనుక మెకానిక్కు గ్యాసు తగ్గిందంటే మర్యాదగా మూడు మాటలు అడగండి: “అన్నా, చిల్లు ఎక్కడుంది? దాన్ని మూశావా? కొత్త గ్యాసు పోసేముందు గొట్టాల్లో గాలి పూర్తిగా తీసి, గ్యాసు తూచి పోస్తావా?” పని తెలిసినవాడు సంతోషంగా జవాబు చెబుతాడు. అతుకుల దగ్గర సబ్బు నురుగు రాసి, బుడగలు వచ్చే చోటు మీకే చూపిస్తాడు.

అయితే గ్యాసు తగ్గడం ఒక్కటే జబ్బు కాదు. చాలాసార్లు జబ్బు అంతకన్న చిన్నది. డాక్టరు నాడి చూచినట్టు మనమూ వరుసగా చూద్దాం.

మొదట రిమోటు చూడండి. చల్లబరిచే పద్ధతిలో కాక, ఒట్టి పంకా పద్ధతిలో పెట్టి ఉందేమో! పిల్లలు ఆడుతూ మార్చి ఉండవచ్చు.

రెండవది జల్లెడ, అంటే ఫిల్టరు. మన ఎర్రమన్ను ధూళి సంగతి మీకు తెలుసు. వేరుసెనగ కాయలు కొట్టే రోజుల్లో ఇంకా చెప్పనక్కరలేదు. జల్లెడ మూసుకుపోతే గది గాలి చల్లని గొట్టాలను తాకలేదు. బావి నిండా నీళ్లున్నా బాన నిండనట్టన్నమాట. ఒక్కొక్కప్పుడు గొట్టాలమీద మంచు కూడా పేరుకుంటుంది. మంచును చూచి యంత్రం బాగా పనిచేస్తున్నదని మురిసిపోవద్దు. అది జబ్బు గుర్తు. ధూళి ఎక్కువైన నెలల్లో పదిహేను రోజులకొకసారి జల్లెడ శుభ్రం చేయాలి. పెద్దలు దగ్గరుండి, స్విచ్చి ఆపిన తరువాతనే తీయాలి. ముందు మెత్తని కుంచెతో దులిపితే కొద్ది నీళ్లే సరిపోతాయి. ఆ నీళ్లు తులసి మొక్కకు పోయవచ్చు. జల్లెడను నీడలో బాగా ఆరబెట్టి తిరిగి పెట్టాలి.

మూడవది బయటి పెట్టె. దానిమీద గోనె కప్పుతారు, ముందు వేరుసెనగ కట్టె పేరుస్తారు, లేదా నాలుగు గోడల మూల ఇరికిస్తారు. కాలువ పూడిపోతే నీళ్లు ఎటు పోతాయి? తిరిగి బావిలోకే! పెట్టెకు నీడ మంచిదే గాని, గాలి ఆడాలి. ఇంకొక సంగతి. మన దేశంలో ఏ.సి.ల శక్తిని బయట 35 డిగ్రీలు ఉన్నట్టు లెక్కగట్టి కొలుస్తారు. 42 డిగ్రీల మధ్యాహ్నం దాని బలం కొంత తగ్గుతుంది. ఎండలో ఎద్దులు అలిసినట్టే అనుకోండి.

నాలుగవది కరెంటు. ఓల్టేజి బాగా తగ్గితే కంప్రెసరు తిరగలేదు. లోపలి పంకా మాత్రం తిరుగుతూ మనలను మభ్యపెడుతుంది.

అయిదవది గది. ఒక టన్ను ఏ.సి. అంటే దాని బరువు టన్ను అని కొందరు పిల్లలు అనుకుంటారు! అది మంచుగడ్డల కాలం నాటి లెక్క. 907 కిలోల మంచు ఒక పగలూ రాత్రీ కరగడానికి ఎంత వేడి తీసుకుంటుందో, అంత వేడిని ఆ సమయంలో గది నుంచి తీయగలదని అర్థం. మట్టి మిద్దె వేడిని ఆలస్యంగా లోపలికి రానిస్తుంది. సిమెంటు కప్పు పగలంతా కాగి, రాత్రి కూడా గదిలోకి వేడి దింపుతూనే ఉంటుంది. తలుపు సందులు, తెరలేని పడమటి కిటికీ కూడా వేడిని పంపుతాయి. తోడేదానికన్న ఊట ఎక్కువైతే బావి ఎలా తరుగుతుంది? కప్పుమీద తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్లరంగో వేస్తే చాలా మేలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇటువంటి చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది.

జబ్బు యంత్రానిదా, గదిదా అని తేల్చడానికి ఒక పరీక్ష ఉన్నది. గది వేడిని కొలిచే థర్మామీటరు ఒకటి తీసుకోండి. జ్వరం చూచేది పనికిరాదు. ఏ.సి. ఇరవై నిమిషాలు నడిచాక, గాలి లోపలికి పోయే చోట ఒకసారి, బయటికి వచ్చే చోట ఒకసారి పెద్దలచేత కొలిపించండి. తేడా సుమారు 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే యంత్రం ఆరోగ్యంగానే ఉన్నది, తప్పు గదిదే. తేడా చాలా తక్కువగా ఉండి, జల్లెడా బయటి పెట్టే శుభ్రంగానే ఉంటే, అప్పుడు మెకానిక్కును పిలవండి. ఆ అంకెలు కాగితం మీద రాసి అతనికి చూపండి.

16 డిగ్రీలు పెడితే గది తొందరగా చల్లబడుతుందని అనుకోకండి. ఆ అంకె యంత్రం ఎక్కడ ఆగాలో చెప్పేది మాత్రమే. అందుకే 2020 జనవరి నుంచి మన దేశంలో స్టారు గుర్తు ఉన్న ఏ.సి.లు 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా తయారవుతున్నాయి. 26 పెట్టి, నెమ్మదిగా పంకా వేసుకుంటే ఒంటికి హాయి, బిల్లుకూ హాయి.

ఇక కార్లు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయని మీకు తెలుసు. కారులో కంప్రెసరు అనే ఎద్దుల జతను మామూలుగా ఇంజనే తోలుతుంది. వేడిని పారబోసే గొట్టాలు కారు ముందు భాగంలో ఉంటాయి. ధూళి, పురుగులు అక్కడ పేరుకుంటాయి. కారు పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి, రైలుగేటు దగ్గర ఆగగానే వేడిగాలి వస్తే, ముందు పంకాను, ఆ గొట్టాలను అనుమానించాలి. గాలి వేగమే తగ్గితే లోపలి జల్లెడను చూడాలి. కారు అదురుతూ నడుస్తుంది, అందులో రబ్బరు గొట్టాలు ఉంటాయి. కనుక కొన్నేళ్లకు గ్యాసు కొంచెం తగ్గడం ఇంటి యంత్రంలోకన్న కారులో సహజం. అయినా ఏటేటా నింపవలసి వస్తే అది చిల్లే. ఎండలో నిలిపిన కారెక్కితే ముందు అద్దాలు దించి వేడిగాలిని పోనిచ్చి, తరువాత అద్దాలు మూసి, లోపలి గాలే తిరిగే మీట నొక్కాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట, పిల్లలూ పెద్దలూ కూడా వినాలి. ఎండలో మూసి ఉంచిన కారులో పది నిమిషాలలో వేడి సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు చిన్నపిల్లలు ఆడుకుంటూ కారులో చిక్కుకుని ప్రాణాలు కోల్పోయారు. కారు ఆటస్థలం కాదు. ఒకవేళ చిక్కుకుంటే భయపడి వెనుక కూర్చోకండి. వెనుక తలుపులకు పిల్లల తాళం వేసి ఉండవచ్చు. ముందు సీటులోకి దూరి, డ్రైవరు పక్క తలుపు పిడి లాగండి, హారను మోగిస్తూనే ఉండండి. పెద్దలు కారును ఎప్పుడూ తాళం వేసి, తాళంచెవి పిల్లలకు అందకుండా ఉంచాలి. ఒక్క నిమిషమే గదా అని బిడ్డను కారులో వదలి దుకాణానికి పోకూడదు.

ఈ యంత్రం కథ కూడా కొంచెం చెబుతాను. 1902లో అమెరికాలో న్యూయార్కు నగరపు బ్రూక్లిన్‌లో ఒక రంగుల అచ్చాపీసు ఉండేది. గాలిలో తేమవల్ల కాగితం ఉబ్బి, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చునేవి కావు. విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు తేమను అదుపు చేసే ఏర్పాటు కనిపెట్టాడు. అంటే మొదటి ఏ.సి. పుట్టింది మనుషుల కోసం కాదు, బొమ్మల కాగితాల కోసం! తరువాత వాడిన కొన్ని గ్యాసులు ఆకాశంలోని ఓజోను పొరను తినేస్తున్నాయని తెలిసి, 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఇప్పటి గ్యాసులలో చాలావాటికి ఆ దోషం లేదు గాని, అవి గాలిలో కలిస్తే భూమి వేడెక్కుతుంది. వాటిని కూడా తగ్గించాలని 2016లో కిగాలీ నగరంలో నిర్ణయించారు. కనుక చిల్లు మూయడం మీ ఇంటికే కాదు, లోకానికంతా మేలు.

చివరగా మీకొక పని. ఒకే రకం థర్మామీటర్లు రెండు తీసుకుని, ఒకదాని కొనకు తడిగుడ్డ చుట్టి, రెండింటినీ నీడలో గాలికి పెట్టండి. పావుగంట తరువాత రెండు అంకెలూ రాసుకోండి. మే నెలలో ఒకసారి, వాన కురిసిన రోజు ఒకసారి ఇలా చేయండి. మచిలీపట్నంలోనో కాకినాడలోనో మీ చుట్టాల పిల్లలుంటే వారినీ చేయమనండి. తేడా ఎక్కువ ఉన్న చోట నీటి కూలరు బాగా పనిచేస్తుంది, తక్కువ ఉన్న చోట పనిచేయదు. మన ఊళ్లో తేడా ఎంత వచ్చింది, ఎందుకు వచ్చింది? కూలరుకు రోజూ పోసే నీళ్ల మాట కూడా ఆలోచించి, మీ లెక్క రాసి పంపండి.