పేరు చెప్పేదాకా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మేం నూటికి ఒక్కరం కూడా లేం. అంతమాత్రాన నిన్నమొన్న వచ్చినవాళ్ళం కాదు. శ్రీకాకుళం జామియా మసీదు 1641 నాటిది. విజయనగరంలో ఖాదర్‌ వలీ బాబా దర్గాకు ఏ కులపోళ్ళు రారో చెప్పండి చూద్దాం. మా ఇళ్ళలో ఉర్దూ ఉంది, కానీ వీధిలో, బళ్ళో, బజార్లో మా నోట పలికేది 'ఏటి, ఎందుకేటి' అనే ఉత్తరాంధ్ర తెలుగే.

ఆ తెలుగుతోనే మా పిల్లలు రాజాంలోనో టెక్కలిలోనో ఇంజనీరింగ్‌ ముగించి, ఆమదాలవలసలో హైదరాబాదు రైలెక్కుతారు. 2007లో వచ్చిన నాలుగు శాతం బిసి-ఇ రిజర్వేషన్‌ కొందరికి సీటిచ్చింది. మంచిదే. కంపెనీ గేటు దగ్గర దాని పని అయిపోతుంది. ప్రైవేటు కొలువులో మతం చూసి వద్దన్నవాణ్ణి నిలదీసే చట్టం లేదు. సమాన అవకాశాల కమిషన్‌ పెట్టమని 2006లో సచార్‌ కమిటీ చెప్పింది. ఎవరు పెట్టారు?

'సాఫ్ట్‌వేర్‌కు మతమేమిటండీ, పని వస్తే చాలు' అంటారు లౌకిక మిత్రులు. 2007లో థోరట్‌, అట్టెవెల్‌ అనే ఇద్దరు పరిశోధకులు తమ ఫలితాలు ప్రకటించారు. ఒకే చదువున్న దరఖాస్తులకు పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు పంపి చూశారు. ముస్లిం పేరుకు పిలుపులు దళిత పేరుకన్నా కూడా తగ్గిపోయాయి. 2009లో అచ్చయిన మరో పరిశోధనలో, ఢిల్లీ సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగాల్లో అలాంటి తేడా కనబడలేదు. అదీ దాచం. అక్కడ దరఖాస్తు దాకా వివక్ష లేదనే ఒప్పుకుందాం. ఆ దరఖాస్తు పంపేదాకా నగరంలో తలదాచుకోవాలి కదా! అమీర్‌పేటలో కోర్సు, నాలుగైదు నెలల వెతుకులాట, మెస్సు బిల్లు, గది అద్దె. అసలు కథ అక్కడుంది.

టులెట్‌ బోర్డు చూసి తలుపు తడతాం. మన శ్రీకాకుళం కుర్రాళ్ళా, నెమ్మదస్తులు, రండి బాబూ అంటారు. నీళ్ళిస్తారు. అడ్వాన్సు మాట కూడా అవుతుంది. పేరు చెప్పేదాకా. చెప్పగానే 'మేం శాకాహారులకే ఇస్తామండీ'. ఆదివారం అదే గేటులోంచి కోడికూర వాసన వస్తుంది. అందుకే మావాళ్ళు కొందరు 'షేక్‌'ను 'ఎస్‌'గా కుదించుకున్నారు. ఆధార్‌ కార్డు అడిగితే ఆ ముసుగూ జారిపోతుంది.

పాతబస్తీలో గది దొరుకుతుంది. అక్కడ మా ఉర్దూ విని నవ్వుతారు, అమీర్‌పేటలో మా తెలుగు విని నవ్వినట్టే. రోజూ బస్సుల్లో గంటలు పోతాయి. ఆ పైన, గది లేదన్న పెద్దమనిషే అడుగుతాడు: మీవాళ్ళంతా ఒకేచోట ఎందుకుంటారు?

ఇక రిఫరెన్సు. ఖాళీ సంగతి పేపర్లోకి రాకముందే ఎవరి బావమరిది చెవినో పడుతుంది. మా బావమరుదులు పంక్చర్‌ షాపుల్లో, లారీల మీద ఉన్నారు. హైదరాబాదులో రెడ్డి హాస్టల్‌ 1918లో వెలిసింది. తప్పనం, ఈర్ష్యపడతాం. మా పెద్దల్నీ అడుగుతాం: మినార్‌కు రంగేయడానికి, వలీమాలో బిర్యానీ డేగిసాలకు వచ్చిన చందాల్లో, అప్పుల్లో, నగరం పోయే పిల్లాడికి ఒక చాప, ఒక కప్పు ఎందుకు లెక్కకు రాలేదు? వక్ఫ్‌ భూములున్నది మరి ఎవరికోసం?

ఇప్పుడు కంపెనీలు మా దగ్గరికే వస్తాయంటున్నారు. 2025లో విశాఖలో టిసిఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. రైతు దగ్గర, పేదవాడి దగ్గర సెంటు భూమికి సవాలక్ష షరతులు పెట్టే ప్రభుత్వానికి, ఇలా భూమి తీసుకునే కంపెనీని రెండు లెక్కలు అడగడానికి నోరు రాలేదా? ఎవరిని పిలిచారు, ఎవరిని తీసుకున్నారు అని ఏటా కులం వారీగా, మతం వారీగా బయటపెట్టమనండి. ఆ కొండల దగ్గరే, పేరు అడగని హాస్టల్‌ ఒకటి సర్కారు ఖర్చుతో కట్టండి. మాకు మాత్రమే కాదు, పలాస జీడిపిక్కల కార్మికుడి కూతురికీ, పార్వతీపురం ఆదివాసీ కుర్రాడికీ అందులో మంచం వెయ్యండి. అద్దె మేం కడతాం.