వేరులోని రక్తబంధువు

మన అంబాజీపేట వైపు చేలలో పచ్చని మినుము మొక్కను పెరికి, వేరు బుడిపెను గోటితో చిదిమిన లోపల ఎఱ్ఱదనము కానవచ్చును. అది లెగ్‌హీమోగ్లోబిన్ అను ప్రోటీన్ రంగు. మన నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌కు అది దూరపు చుట్టము. అయినను రెండింటి అమైనో ఆమ్లముల వరుసలను ప్రక్కప్రక్కన పేర్చిన, నాల్గవ వంతుకు మించి కలియవు.

మరి బంధుత్వమెట్లు తెలియును? ఏ ఆమ్లము ఏ ఆమ్లముగా మారుట సహజమో గణించి, మార్గరెట్ డేహాఫ్ బృందము 1978లో పట్టికలు ప్రకటించినది. 1997లో వెలువడిన సై-బ్లాస్ట్ పద్ధతి, ఒక్క ప్రోటీన్‌ను గాక కుటుంబమంతటి పోలికను ఆధారము చేసికొని దూరపువారిని వెదకును. ఆ పోలిక కాకతాళీయమా కాదా యనియు లెక్కగట్టును.

భాషాశాస్త్రము చేయు పనియు ఇట్టిదే. ఖర్చు, దస్తావేజు వంటి మాటలు ఉర్దూ తెలుగులకు ఉమ్మడి. కాని అవి అరువు సొమ్ములు, జన్మబంధము కాదు. బెలూచిస్తానులోని బ్రాహుయీ మన చెవికి పరాయిది. అయినను ద్రావిడ కుటుంబమున తెలుగునకు జ్ఞాతి. పైపోలిక చాలదు; మార్పులోని క్రమమే సాక్ష్యము.

ఇట్లుండ, భాషా విద్యార్థులు లెక్కలను, విజ్ఞాన విద్యార్థులు వ్యాకరణమును అంటరాని వానిగా చూచుట నష్టము. వారమునకు ఒక్క గంట ఉభయులను ఒకే గదిలో కూర్చుండబెట్టవలెనని కమిటీ పెద్దలకు నా మనవి. విద్యార్థులారా, భేదము చూచి పరాయి యని తీర్పు చెప్పకుడు. ముందు లెక్క చూడుడు.