బోర్డు మారితే చాలదు

మా ఊళ్ళో ఒక ధాన్యం కొట్టు కాటా మోసం బయటపడి చేతులు మారింది. కొత్త బోర్డు చూసి మా నాన్నగారు నమ్మలేదు. "ముందు కాటా అందరికీ కనబడేలా పెట్టమనండి, చూద్దాం" అన్నారు.

సాఫ్ట్‌వేర్ లోకంలోనూ ఇదే జరిగింది. 1999లో మొదలైన సోర్స్‌ఫోర్జ్ సైటు నుంచి ఎందరో ఉచిత సాఫ్ట్‌వేర్ దింపుకునేవారు. 2013లో దాని యాజమాన్యం డబ్బు కోసం, అడగని ప్రోగ్రాములను వాటి వెంట అంటగట్టే పథకం తెచ్చింది. 2015లో బొమ్మలు దిద్దే జింప్‌కూ అదే గతి పట్టించేసరికి జనం భగ్గుమన్నారు. 2016 జనవరిలో సైటు కొన్న కొత్త యజమానులు మరుసటి నెలలోనే ఆ పథకం ఎత్తేశారు. ఆ ఏడే ప్రాజెక్టులన్నిటికీ మాల్‌వేర్ తనిఖీ పెట్టారు.

మిత్రులారా! దస్తావేజు రాస్తే ఆస్తి వస్తుంది, దాంతోపాటు చెడ్డపేరూ వస్తుంది. నమ్మకం మాత్రం రాదు. పాపపు రాబడి వదులుకోవడమే దానికి మొదటి వాయిదా. మిగతాది ఏళ్ళ తరబడి కట్టాలి.

మరి మన వంతు? తప్పు దిద్దినవాణ్ణి కలకాలం దొంగగా చూడటం న్యాయం కాదు. అలాగని కళ్ళు మూసుకోనూ కూడదు.

మా నాన్నగారు మళ్ళీ ఆ కొట్టుకే ధాన్యం వేస్తున్నారు. కాకపోతే ఇంటి దగ్గర ఒక బస్తా తూచుకుని మరీ బయల్దేరతారు.