చర్ల బస్సులో బీడీ పొగ

విదేశములలో పొగ త్రాగువారికిని త్రాగనివారికిని నడుమ తగవులు రేగినవన్న వార్త పత్రికలో కనబడినప్పుడెల్ల, మా భద్రాచలములో టీకొట్టు బల్లలమీద కూర్చున్న పెద్దమనుష్యులు మొదలుకొని కచేరీలలో దస్త్రములు చూచుకొను ఉద్యోగుల వరకు అందరును ఒక్కటే మాట అందురు: ‘ఆ గోల వాళ్ల దేశాలది, మన దగ్గర ఎవరి మట్టుకు వాళ్లు సర్దుకుపోతారు.’ ఈ మాటను నేను ముప్పది యేండ్లుగా వినుచున్నాను. దీని వెనుక ఒక గర్వము కలదు. పరాయి దేశస్థుడు ప్రక్కవాని పొగ ముక్కునకు సోకగానే న్యాయస్థానమునకు పరుగెత్తును గాని, మనము ఓర్పు గలవారము, ఇరుగుపొరుగుల మర్యాద యెరిగినవారము, కావున బహిరంగ ధూమపాన నిషేధమనునది మన నేలకు అక్కఱలేని దిగుమతి సరకు అని వారి సిద్ధాంతము. చదువుకున్నవారు దీనికి మఱి రెండు తోకలు తగిలింతురు: చుట్టయు బీడీయు మన పూర్వాచారమని యొకటి, నిషేధము బిగిసినచో తునికాకుమీద బ్రదుకు కోయవారి నోట మట్టి పడునని యొకటి. ఈ మూడు మాటలును తప్పు. మొదటిది తప్పు మాత్రమే గాక క్రూరము కూడ.

ఏప్రిలు నెల కడపటి దినములలో ఒకనాటి మధ్యాహ్నము, భద్రాచలము నుండి దుమ్ముగూడెము మీదుగా చర్ల పోవు బస్సులో నేను కూర్చుండి యుంటిని. నా ముందు సీటులో ఒక కోయ యువతి, ఆమె ఒడిలో ఏడాది నిండని బిడ్డ. ఆసుపత్రి నుండి తిరిగి పోవుచున్నదని ఆమె చేతిలోని చీటీ వలనను మందుసీసా వలనను తెలియుచుండెను. తునికాకు కట్టలకు నార ముడులు బిగించి బిగించి ఆమె బొటనవ్రేళ్ల చివరల తోలు లేచి యుండెను. ఆమెకు ముందు సీటులో కిటికీ ప్రక్కన కూర్చున్న నడివయస్సు మనిషి, బస్సు ఊరు దాటగానే బీడీ వెలిగించి, మర్యాదస్థుడు గనుక పొగను కిటికీ బయటికే వదలుచుండెను. కాని పరుగెత్తు బస్సులో ముందు కిటికీ నుండి వెలికి పోయిన పొగ వెనుక కిటికీ గుండ లోనికి వచ్చును. అట్లు వచ్చి నేరుగా ఆ బిడ్డ మొగముమీద పడుచుండెను. బిడ్డ దగ్గెను. ఆమె ఏమియు అనలేదు. చీరకొంగుతో బిడ్డ మొగము కప్పి, ఆ ఉక్కలో, తన వీపును కిటికీవైపు త్రిప్పి పొగకు అడ్డుగా కూర్చుండెను. డ్రైవరు వెనుక రేకుమీద ‘పొగ త్రాగరాదు’ అని ఎఱ్ఱని అక్షరములతో వ్రాసి యున్నది. కండక్టరు చూచెను, నేను చూచితిని, బస్సులో సగముమంది చూచిరి. ఎవరమును నోరు మెదపలేదు.

దుమ్ముగూడెములో ఆమె దిగుచుండగా, ‘అమ్మా, బీడీ ఆర్పెయ్యమని చెప్పకపోయావా?’ అని అడిగితిని. ఆమె నావైపు కొంత విస్మయముతో చూచి, ‘నేను చెప్తే వింటడా సారూ? గొడవైతే నన్నే దిగమంటరు’ అనెను.

ఆ మాటకు నావద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. చెప్పవలసినవారిలో ఒకడనై యుండి, చెప్పక కూర్చున్న నేను, చెప్పలేదేమని ఆమెను అడిగితిని.

మన పెద్దలు కొనియాడు సామరస్యము ఇట్టిది. తగవు పుట్టవలెనన్న ఇరుపక్షములకును నోరుండవలెను. ఒకరికి నోరును మఱియొకరికి కొంగు మాత్రమును ఉన్నచోట తగవు పుట్టదు. అచ్చట నెలకొన్న నిశ్శబ్దమును చూచి శాంతియని మురియువారు, ఆ శాంతికి మూల్యము ఎవరి ఊపిరితిత్తులనుండి చెల్లుచున్నదో ఒక్కసారి లెక్క చూచుకొనవలెను. మౌనము అర్ధాంగీకారమను సామెత సమానులైనవారి నడుమ చెల్లునేమో గాని, చర్ల బస్సులో చెల్లదు.

భద్రాచలమునకు రైలు లేదు. భద్రాచలం రోడ్డు అను పేరుగల స్టేషను 40 కిలోమీటర్ల దూరమున కొత్తగూడెములో నున్నది. ఐనను ఈ విషయమున రైల్వే చట్టముల చరిత్ర మనకు మిక్కిలి బోధకము. 1890 నాటి రైల్వే చట్టపు 110వ సెక్షను, పెట్టెలోని తోటి ప్రయాణికుల సమ్మతి లేక పొగ త్రాగినవానికి 20 రూపాయలవరకు జరిమానా నిర్ణయించెను. అనగా అడుగవలసిన భారము త్రాగువానిమీద ఉండెను. స్వతంత్ర భారతమున 1989లో వచ్చిన చట్టపు 167వ సెక్షనులో, తోటి ప్రయాణికుడు అభ్యంతరము చెప్పినచో త్రాగరాదు అని వ్రాసిరి. కావలెనన్న ఏ బండిలోనైనను పూర్తిగా నిషేధించు అధికారమును రైల్వేవారికి ఇచ్చిరి గాని, పెట్టెలో మనిషికిని మనిషికిని నడుమ నున్న ధర్మము మాత్రము తలక్రిందులయ్యెను. నూరేండ్లలో భారము త్రాగువాని భుజమునుండి దిగి, త్రాగనివాని నాలుకమీదికి వచ్చి కూర్చున్నది. అభ్యంతరము చెప్పగలవానికి రక్షణ కలదు, చెప్పలేనివానికి లేదు. రక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది అందకుండ పోయెను.

ఈ వంకరను సరిదిద్దినది తరువాతి నిషేధమే. 1999 జూలై 12న కేరళ హైకోర్టు, బహిరంగ స్థలములలో పొగ త్రాగుట రాజ్యాంగపు 21వ అధికరణము ఇచ్చిన జీవించు హక్కునకు భంగమని తీర్పు చెప్పెను. మురళీ దేవరా వేసిన వ్యాజ్యములో 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు, ఆసుపత్రులు, బడులు, గ్రంథాలయములు, కచేరీలు, న్యాయస్థానములు, ప్రజావాహనములు మొదలగు చోట్ల పొగ మాన్పింపవలెనని దేశమంతటికిని ఆజ్ఞాపించెను. 2003లో పార్లమెంటు చట్టము చేసెను. దాని క్రింది నియమములు 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, అమలులోనికి వచ్చెను. జరిమానా 200 రూపాయల వరకు. ఈ చట్టములో నాకు ప్రియమైనది జరిమానా కాదు. ఇందులో అభ్యంతరము చెప్పు మనిషి అక్కఱలేదు, అది నాకు ప్రియము. పొగ మాన్పించు బాధ్యత ఆ స్థలమునకు యజమానియో, మేనేజరో, బాధ్యుడో ఎవడున్న వానిదని నియమములు స్పష్టముగా చెప్పుచున్నవి. ఆ కోయ తల్లి నోరు తెరువ నక్కఱలేదు, గొడవ పడ నక్కఱలేదు, దించివేయుదురేమో అని భయపడ నక్కఱలేదు. కావున నిషేధము తగవులు తెచ్చునన్న వాదము తలక్రిందుల వాదము. తగవు పడవలసిన అగత్యమును బలహీనుని నెత్తిమీదనుండి దించుటకే నిషేధము పుట్టినది.

మనవారు నవ్వులాటగా చెప్పుకొను ఆ విదేశములలో జరిగినదియు ఇదియే. 2004 మార్చి 29న ఐర్లండు దేశము తన మధుశాలలతో సహా పనిచోట్ల నన్నిట పొగ నిషేధించినప్పుడు, దానికి చూపిన కారణము వినోదమునకై వచ్చు ధనికుల ముక్కుల సౌకుమార్యము కాదు. దినమునకు ఎనిమిదేసి గంటలు ఆ పొగలో నిలిచి గ్లాసులు కడుగు పనివాని గుండెయు ఊపిరితిత్తులును కారణము. మధుశాలలు మూతపడునని, జనులు తిరుగబడుదురని జోస్యములు చెప్పినవారుండిరి. జనులు దాదాపు పూర్తిగా పాటించిరి. ప్రక్కవాని పొగ వలన ప్రాణహాని కలదనుట కూడ తెల్లవారి సుకుమారము కాదు. జపానులో తకేషి హిరయామా అను వైద్యుడు, తాము పొగ త్రాగని 91,540 మంది గృహిణులను 14 సంవత్సరములు గమనించి, భర్తలు ఎక్కువగా సిగరెట్లు కాల్చు ఇండ్లలోని స్త్రీలకు ఊపిరితిత్తుల క్యాన్సరు హెచ్చుగా వచ్చుచున్నదని 1981లో ప్రకటించెను. నోరు మెదపని గృహిణులను లెక్కించి చెప్పిన సత్యమది. మా టీకొట్లలో వేడిగ్లాసులు అందించు కుఱ్ఱవానిని, అతడు సంజెవరకు పీల్చు పొగను, ఎవరైనను లెక్కించిరా?

ఇక పూర్వాచారము మాట. పొగాకే మనకు పరదేశి. పోర్చుగీసువారి ఓడలలో అమెరికా ఖండమునుండి వచ్చిన ఆకు అది. 17వ శతాబ్దపు తొలి యేండ్లలో అసద్ బేగ్ అను రాజోద్యోగి బిజాపురమున దానిని చూచి, వింత వస్తువుగా ఎంచి, అక్బరు పాదుషాకు కానుకగా కొనిపోయెను. ఆ పాదుషా కుమారుడు జహంగీరు 1617లోనే దానిని నిషేధించెను. కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారై భద్రగిరిమీద రామునికి గుడి కట్టించునాటికి, మన దక్కనులో పొగాకు కొన్ని తరముల వయస్సుది మాత్రమే. దానిమీది నిషేధము వయస్సును ఇంచుమించు అంతే. ఆకు మన యాచారము, నిషేధము పరాయి సరకు అనువారు చరిత్రను సగము చదివి మూసిరి.

తునికాకు కూలి పోవునన్న మూడవ వాదమునకు కొంత తీరికగా సమాధానము చెప్పవలసి యున్నది, ఏలననగా అది పేదవాని పేరు చెప్పుకొని వచ్చును, పేదవాని పేరు విన్నంతనే మంచివారి నోళ్లు మూతపడును. మాఘ ఫాల్గుణములలో తునికి పొదలను నేలమట్టముగా కొట్టుదురు. నెలన్నర గడచునప్పటికి లేత చిగురు వచ్చి ఆకు ముదురును. ఏప్రిలు చివరనుండి తొలకరి వరకు, ఎండలు నిప్పులు చెరుగు ఆ కొద్ది వారములే కోత. కోడి కూయకముందే ఆడువారును పిల్లలును అడవికి పోయి, ప్రొద్దెక్కునప్పటికి మూటలతో తిరిగి వచ్చి, 50 ఆకులకు ఒక కట్టగా నారతో ముడివేసి, సాయంకాలము కల్లమునకు మోసికొని పోవుదురు. అచ్చట కట్టలు తీసికొను కల్లేదారు లెక్క చూచి, ఆకు చిన్నదని, చిల్లు పడినదని కొన్ని కట్టలు ప్రక్కకు నెట్టుటయు కలదు. మిగిలినవానిని వరుసలుగా పేర్చి ఎండబెట్టుదురు. 1,000 కట్టలు ఒక సంచి. అనగా ఒక్క సంచిలో 50,000 ఆకులు, ఒక్కొక్కటియు ఒక చేతి గోరు త్రుంచినది. ఆ సంచులు లారీలకెక్కి నిజామాబాదు వైపు పోయి, అచ్చట వేరు ఆడువారి ఒడులలోని చేటలలో బీడీలగును.

ఇంతటి శ్రమను ఎరిగినవాడెవడును దానిని తేలికగా మాటాడజాలడు. కాని ఆ శ్రమ పేరుతో బస్సులో పొగను సమర్థించుట ఏ న్యాయము? చర్ల బస్సులో ఒకడు రెండు గంటలసేపు బీడీ వెలిగింపనంతమాత్రమున కల్లములో కట్ట ధర పైసాయైనను తగ్గదు. చట్టము బీడీని అమ్మవద్దనలేదు, చుట్టవద్దనలేదు; ఇతరులు కూర్చున్నచోట వెలిగింపవద్దన్నది. 1971నుండి ఈ ఆకు వ్యాపారము సర్కారు అదుపులో నున్నది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము తునికాకును చిన్న అటవీ ఉత్పత్తిగా పేర్కొని దానిమీది హక్కు అడవిబిడ్డలదే అన్నది. కోయవారి నోటి ముద్దమీద నిజముగా దయగలవారు ఆ హక్కు చేతికి అందినదా అని అడుగవలెను, కట్టకు రూపాయి పెంచుడని పోరవలెను, కల్లమువద్ద నీడయు నీళ్లును ఏవని నిలదీయవలెను. ఆ పోరాటములలో నేను ఎన్నడును చూడని మొగములు, పొగ మానుమన్నప్పుడు మాత్రము కోయవారి పక్షమున బయలుదేరుచున్నవి. రేపు దేశములో పొగ త్రాగుట నిజముగానే తగ్గి ఆకు గిరాకి పడిపోయినచో, ఆ వారములకు వేఱు కూలి చూపుట ప్రభుత్వపు విధి. దానికి జామీనుగా ఆకు కోసినదాని బిడ్డ ఊపిరితిత్తులను పెట్టుమనుట విధి కాదు.

నిషేధమును గూర్చి న్యాయమైన ఫిర్యాదు ఒకటి కలదు, దానిని నేను ఒప్పుకొందును. 30 గదులు గల హోటలునకును, 30 మంది గాని అంతకు పైగా గాని కూర్చుండు భోజనశాలకును, విమానాశ్రయమునకును పొగకై ప్రత్యేకపు గది పెట్టుకొను వీలు ఈ నియమములలో నున్నది. 2016-17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారము మన పెద్దవారిలో నూటికి 7.7 మంది బీడీ త్రాగుదురు, 4 మంది సిగరెట్టు త్రాగుదురు. సిగరెట్టువానికి అద్దాల గది, బీడీవానికి 200 రూపాయల చీటీ అన్నచో కడుపు మండుట సహజము. ఐతే దీనికి మందు ఆ గదులను మూయుట. ఆ గదిని ఊడ్చు పనివాడును ఊపిరి పీల్చువాడే గదా.

పొగ త్రాగువాడు నాకు శత్రువు కాడు. మా నాయన చుట్ట కాల్చెడివాడు. ఆ వాసనయే నాకు ఆయన రాక. వానకాలమున తలుపు మూసిన ఒంటి గదిలో మా అమ్మ పొయ్యివద్ద దగ్గుచుండగా, ఆయన చుట్ట పట్టుకొని వసారాలోనికి పోవుట నాకు జ్ఞాపకమున్నది. ఎవరును పొమ్మనలేదు, చట్టము లేదు. తడియుచు కాల్చుకొని లోపలికి వచ్చెడివాడు. దానిని చులకనగా ఆయన ఎన్నడును తలపలేదు. బయటికి పొమ్మన్నచో పొగ త్రాగువారు అవమానపడుదురు, కొట్లాటకు వత్తురు అను మాట విన్నప్పుడు నాకు ఆ వసారా కన్నులయెదుట నిలుచును.

గత చలికాలమున అదే చర్ల బస్సులో ఎక్కితిని. ఈసారి కండక్టరు ఒక యువతి. మూడవ సీటులో ఒక ముసలివాడు తలపాగాలోనుండి బీడీ తీసి వెలిగించెను. ఆమె టికెట్లు కొట్టుచునే వచ్చి, గొంతు పెంచకుండ, ‘పెద్దయ్యా, బీడీ ఆర్పెయ్. బస్సుల తాగొద్దు, దిగినంక తాగుదువులే’ అనెను. ‘సరే బిడ్డా’ అని అతడు కిటికీ కమ్మికి నిప్పు రాచి ఆర్పి, మిగిలిన ముక్కను చెవిమీద దోపుకొనెను. అంతే. బస్సులో ఒక్కరును తల త్రిప్పి చూడలేదు. పర్ణశాలకు తిరుగు దారివద్ద అతడు దిగి, చింతచెట్టు మొదట చతికిలబడి, చెవిమీది ముక్కను తీసి అగ్గిపుల్ల గీసెను. వెనుక అద్దములోనుండి చూచుచుంటిని. పొగ నిట్టనిలువుగా కొమ్మల నడుమకు పోవుచుండెను.