సాక్చిలో ఇంటి ఇంటర్నెట్: వేగం కంటే ముందు చూడవలసినవి

జంషెడ్‌పూర్: 2024 సెప్టెంబరు 21న, ఉద్యోగ నియామక పరీక్షలో అక్రమాలను అరికట్టే పేరుతో, జార్ఖండ్ అంతటా ఉదయం 8 గంటల నుంచి మధ్యాహ్నం 1.30 వరకు మొబైల్ ఇంటర్నెట్‌ను నిలిపివేశారు. మరునాడు ఆదివారం ఇళ్లలోని బ్రాడ్‌బ్యాండ్ కూడా ఆగిపోయింది. రాష్ట్ర హైకోర్టు సెలవు రోజున ప్రత్యేకంగా విచారణ జరిపి, సేవలను వెంటనే పునరుద్ధరించాలని ఆదేశించింది. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో కదమా శాస్త్రినగర్ ఘర్షణల అనంతరం జంషెడ్‌పూర్‌లో మొబైల్ ఇంటర్నెట్‌ను తాత్కాలికంగా నిలిపివేశారు.

ఇంటికి ఏ రకం కనెక్షన్ తీసుకోవాలన్న ప్రశ్నకు సాక్చి వంటి చోట ఈ ఘటనలను పక్కనపెట్టి సమాధానం చెప్పడం కష్టం. సెప్టెంబరు 21న తీగ ఉన్న ఇంట్లో ఆన్‌లైన్ పని సాగింది. ఫోన్ హాట్‌స్పాట్‌పైనే ఆధారపడిన ఇంట్లో సాగలేదు. 22న ఇద్దరి పరిస్థితీ ఒకటే అయింది. అయినా దేశంలో అత్యధికులు మొదటి కోవలో లేరు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారం 2024 చివరికి దేశంలో 94 కోట్లకు పైగా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు ఉండగా, తీగ ద్వారా అందేవి సుమారు 4 కోట్లు మాత్రమే.

ఇనుము, ఉక్కు కర్మాగారం కోసం శతాబ్దం క్రితం ఎంపిక చేసిన గ్రామం పేరు సాక్చి. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు మారినా, నగరం నడిబొడ్డున మార్కెట్ పేరుగా సాక్చి నిలిచిపోయింది. కర్మాగారంలో పని కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. ఇటువంటి ఇళ్లలో ఇంటర్నెట్ అవసరం ఒక్క రకంగా ఉండదు. పిల్లల పోటీ పరీక్షల తరగతులు, పెద్దలు చూసే తెలుగు ఛానళ్లు, స్వస్థలంలోని బంధువులతో వీడియో కాల్, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న సంస్థకు ఇంటి నుంచే చేసే ఉద్యోగం, అన్నీ ఒకే తీగ మీద, తరచు ఒకే సాయంత్రం సాగాలి.

ప్రకటనలు మాత్రం ఒకే అంకెను చూపుతాయి: 100 ఎంబీపీఎస్, 300 ఎంబీపీఎస్. ఆ అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉండే ‘వరకు’ అన్న మాటే ఆ ప్రకటన మొత్తంలో నిజాయతీ గలది. ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు. ఫైళ్లను కొలిచేది మెగాబైట్లలో. 8 బిట్లు ఒక బైట్ కనుక 100 ఎంబీపీఎస్ లైన్‌పై సెకనుకు గరిష్ఠంగా 12.5 మెగాబైట్లు మాత్రమే దిగుతాయి. మరోవైపు, హెచ్‌డీ నాణ్యతతో ఒక వీడియో చూడటానికి 5 ఎంబీపీఎస్ సరిపోతుంది. నలుగురు ఒకేసారి వాడినా 50 ఎంబీపీఎస్‌తో ఇల్లు గడుస్తుంది. 300 కోసం ప్రతి నెలా అదనంగా చెల్లించే సొమ్ములో చాలా భాగం వాడకానికి కాక గొప్పకు పోతుంది. ఇంటి నుంచి పనిచేసేవారు అడగవలసినది అప్‌లోడ్ వేగం. దాన్ని చాలా ప్రకటనలు ప్రస్తావించవు.

అసలు తేడా వేగంలో కంటే తీగ స్వభావంలో ఉంది. ‘ఫైబర్’ అన్న పేరుతో అమ్మే సేవలన్నీ ఇంటి లోపలి వరకు గాజు తంతువుతో రావు. కొన్నిచోట్ల వీధి చివరి పెట్టె వరకు ఫైబర్ వచ్చి, అక్కడి నుంచి స్తంభాల మీదుగా రాగి కేబుల్ ఇంటికి చేరుతుంది. జంషెడ్‌పూర్‌లో ఇది చిన్న విషయం కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములు, పిడుగులతో విరుచుకుపడే కాలవైశాఖి గాలివానలు ఇక్కడ మామూలే. దేశంలో పిడుగుల బెడద ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో జార్ఖండ్ ఒకటి. సమీపంలో పిడుగు పడితే రాగి తీగ ఆ విద్యుత్ ఉద్ధృతిని నేరుగా రూటర్‌కు, కొన్నిసార్లు దానికి తగిలించిన కంప్యూటర్‌కు మోసుకువస్తుంది. గాజు తంతువు విద్యుత్తును ప్రసరింపజేయదు.

కరెంటు విషయంలోనూ ఇదే తేడా. అసలైన ఫైబర్ వ్యవస్థలో ఒక తంతువును 32 లేదా 64 ఇళ్లకు పంచే స్ప్లిటర్‌కు విద్యుత్ అవసరం లేదు. సేవా సంస్థ కేంద్రంలో కరెంటు ఉండి, ఇంట్లోని చిన్న పరికరానికి కరెంటు అందితే చాలు. రూటర్ కోసం అమ్మే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకుంటే కోత వేళ కూడా కొన్ని గంటలు నడుస్తుంది. రాగి తీగ పద్ధతిలో స్తంభంపై ఉన్న స్విచ్‌కూ కరెంటు కావాలి. వీధిలో కరెంటు పోతే ఇంట్లో ఎంత పెద్ద ఇన్వర్టర్ ఉన్నా ప్రయోజనం లేదు. టాటా స్టీల్ అనుబంధ సంస్థ విద్యుత్ సరఫరా చేసే నగర భాగానికీ, సువర్ణరేఖకు ఆవల రాష్ట్ర విద్యుత్ సంస్థ పరిధిలో ఉన్న మాన్‌గోకూ సరఫరాలో వ్యత్యాసం ఉంది. సాక్చిలో ఉన్న బంధువు సలహా మాన్‌గోలో పనికిరాకపోవచ్చు.

2023లో ఎయిర్‌టెల్, జియో ఎయిర్‌ఫైబర్ పేరుతో తెచ్చిన 5జీ ఆధారిత సేవ మూడో మార్గం. తంతువు లాగడం వీలుకాని మేడలకు, ఏడాదికో ఇల్లు మారే అద్దెదారులకు ఇది అనువైనది. అయితే దాని చివరి అంచె మొబైల్ టవరే. రద్దీ వేళ చుట్టుపక్కల ఫోన్లతో సామర్థ్యాన్ని పంచుకోవాలి. మొబైల్ సేవలను నిలిపివేసే ఉత్తర్వు వచ్చినప్పుడు అది దీనికీ వర్తిస్తుందా అన్నది ఆ ఉత్తర్వులోని మాటలపై ఆధారపడుతుంది. ఉపగ్రహ సేవల కోసం 2025లో స్టార్‌లింక్‌కు కేంద్రం లైసెన్సు ఇచ్చింది. కానీ అవి తీగ చేరని కొండ గ్రామాల అవసరం. సాక్చి బజారుది కాదు.

స్వస్థలానికి వెళ్లివచ్చిన వారు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ధరతో ఇక్కడి బిల్లును పోల్చడం సహజం. 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆ పథకంలో టీవీ, ఫోన్, ఇంటర్నెట్ కలిపి ప్రారంభ ధర 149 రూపాయలు. అయితే అది ప్రభుత్వ సంస్థ విద్యుత్ స్తంభాల మీదుగా తంతువు లాగి ఇచ్చిన సేవ. పైగా ఆ ధరకు 15 ఎంబీపీఎస్ వేగంతో వచ్చేది నెలకు 5 జీబీ మాత్రమే. ఆ పోలిక నిలవదు. ఇక్కడ పోల్చవలసినది ప్రకటించిన ధరకు 18 శాతం జీఎస్టీ కలిపాక వచ్చే మొత్తం, ఏర్పాటు రుసుము, ‘అపరిమిత’ పథకంలో ఎన్ని జీబీల తర్వాత వేగం తగ్గుతుంది, తగ్గాక ఎంత మిగులుతుంది అన్నవి. దేశంలో ఇప్పుడు 2 ఎంబీపీఎస్ కంటే తక్కువ వేగం బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనంలోకే రాదు. 2023 వరకు ఆ హద్దు 512 కేబీపీఎస్‌గానే ఉండేది.

లైన్ తెగితే ఎవరు వస్తారన్నది వీటన్నింటికంటే ముఖ్యం. దీనికి జవాబు కరపత్రంలో దొరకదు, అదే వీధిలో అదే సేవను వాడుతున్న రెండు ఇళ్లలో దొరుకుతుంది. గత వర్షాకాలంలో ఎన్నిసార్లు ఆగింది, ఫిర్యాదు చేశాక ఎన్ని రోజులు పట్టింది అని అడిగితే చాలు. ఆ వాకబు చేయకుండా ఏడాది చందా ఒకేసారి కట్టడం తొందరపాటు. రాయితీ ఎంత ఊరించినా మొదటి మూడు నెలలు నెలవారీగా చెల్లించడం మేలు. ఫిర్యాదు చేసిన ప్రతిసారీ దాని సంఖ్యను రాసి ఉంచుకోవాలి. సంస్థలోని అప్పీలు విభాగానికి వెళ్లవలసివస్తే ఆ సంఖ్యే ఆధారం.

సాక్చిలో ఇంటి లోపలి వరకు తంతువు రాగల కుటుంబానికి 50 నుంచి 100 ఎంబీపీఎస్ ఫైబర్, దానితోపాటు వేరే సంస్థకు చెందిన ఒక మొబైల్ డేటా సిమ్ ఉండటం నేటి స్థితిలో తగిన ఏర్పాటు. ఒకటి చెడినప్పుడు రెండోది ఆదుకుంటుంది. రెండింటినీ ఒకే సంస్థ నుంచి తీసుకుంటే బిల్లు తగ్గవచ్చు గాని, ఆ సంస్థ ప్రధాన కేబుల్ తెగిన రోజున రెండూ ఒకేసారి ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. పిల్లల ఆన్‌లైన్ పరీక్ష ఉన్న ఇళ్లలో ముందు రోజు రాత్రే సిమ్‌లో డేటా ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. 2024 సెప్టెంబరు 22 వంటి రోజు వస్తే ఈ రెండూ పనిచేయవు. అటువంటి తేదీకి దరఖాస్తు గడువు ఉంటే, దాన్ని చివరి రోజు వరకు ఆపకపోవడం ఒక్కటే ఇంటివారి చేతిలో ఉన్నది.